రెసిస్టెన్స్ బట్టలు: కొనేముందు నుంచి పారేసేదాకా

మైలాపూర్‌లో లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే నడిచేవాళ్ళలో సగం మందికి నా పేరు తెలీదు, "రబ్బరు ప్యాంటాయన" అంటే మాత్రం టక్కున చూపిస్తారు. మొదటిసారి వేస్కుని వెళ్ళిన రోజు మా వాకింగ్ గ్యాంగ్‌లో పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారు, నెల్లూరు వైపు మనిషే, నన్ను పైనుంచి కిందకి చూసి "ఏందయ్యా ఇది, లోపల సైకిల్ ట్యూబు కుట్టించావా" అన్నారు. నవ్వాను గానీ ఆయన అన్నది దాదాపు నిజమే. రెసిస్టెన్స్ బట్టలంటే అంతే, కదిలినప్పుడల్లా ఒంటిని వెనక్కి లాగేలా రబ్బరో, బరువో పెట్టి కుట్టిన బట్టలు.

రెండేళ్ళ బట్టి వాడుతున్నా. మొదటి ఆరువేలు బూడిదలో పోసిన పన్నీరు. ఆ తర్వాత దర్జీ చేత కుట్టించుకున్నా, అది చిరిగింది, మళ్ళీ కుట్టించుకున్నా, ఇప్పటికి ఒక దారికొచ్చింది. పార్కులో రోజుకొకరు అడుగుతున్నారు, ప్రతి ఒక్కరికీ నడుస్తూ చెప్పడం నా వల్ల కావట్లేదు, ఆయాసం కూడా వస్తోంది, అందుకే మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా.

ముందు ఏది ఏంటో తెలుసుకోండి, ఎందుకంటే షాపులో అన్నీ ఒకటే పేరుతో అమ్ముతారు

మొదటి రకం బరువు పెట్టేవి. వెయిట్ వెస్ట్, చీలమండలకి కట్టే యాంకిల్ వెయిట్స్, పిక్కలకి తొడలకి 100 గ్రాములు 200 గ్రాముల చిన్న ముక్కలు అంటించుకునే స్లీవ్స్, ఇవన్నీ ఈ జాతి. రెండోది సాగే రబ్బరు రకం, లెగ్గింగ్స్ లోపలో బయటో ఎలాస్టిక్ పట్టీలు కుట్టి ఉంటాయి, లేదా నడుం బెల్టుకి పట్టీలు తగిలించుకునే హార్నెస్. నేను ఎక్కువ మాట్లాడేది దీని గురించే.

ఈ రెండూ కానివి ఇంకో రెండున్నాయి, జనం వీటి దగ్గరే మోసపోతారు. ఒకటి కంప్రెషన్ టైట్స్, అది ఒంటిని బిగించి పట్టుకుంటుంది అంతే, కదలికని ఆపదు, బిగుతుగా ఉంది కాబట్టి కష్టపడుతున్నాం అనిపిస్తుంది. రెండోది చెమట సూటు, సౌనా సూట్ అంటారు, ప్లాస్టిక్ రెయిన్‌కోటు లాగా ఉంటుంది. ఇది మాత్రం ముట్టుకోవద్దు, అందులోనూ చెన్నైలో అసలొద్దు. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు పోటీకి బరువు తగ్గాలని గాలి ఆడని సూట్లు వేస్కుని వేడిలో ఎక్సర్‌సైజ్ చేసి వారాల తేడాతో చచ్చిపోయారు, ఆ తర్వాత అక్కడి కాలేజీ రెజ్లింగ్‌లో ఆ సూట్లు నిషేధించారు. పోయేది నీళ్ళ బరువు, కొవ్వు కాదు, సాయంత్రానికి మళ్ళీ వచ్చేస్తుంది.

రబ్బరు ఎలా పనిచేస్తుందో ఒక్క ఐదు నిమిషాలు ఓపిక పట్టి చదవండి

బరువు ఎప్పుడూ కిందకే లాగుతుంది. మీరు నిలబడ్డా పడుకున్నా భూమి వైపే. రబ్బరుకి భూమితో పని లేదు, దాని రెండు చివర్లు ఎక్కడ కట్టారో ఆ రెండింటినీ దగ్గరికి లాక్కోవాలని చూస్తుంది, ఎంత సాగితే అంత గట్టిగా లాగుతుంది. అందుకే భూమి లాగడం తెలియని చోట, అంటే అంతరిక్షంలో, ఇది బాగా పనికొచ్చింది. సోవియట్ వాళ్ళు 1971లో సల్యూత్-1 స్టేషన్ కాలం నుంచే పెంగ్విన్ సూట్ అని ఒకటి వాడారు, భుజాల నుంచి నడుం, నడుం నుంచి పాదాల దాకా ఎలాస్టిక్ తాళ్ళు, అవి మనిషిని ముడుచుకుపొమ్మని లాగుతుంటాయి, వేసుకున్నవాడు రోజంతా పని చేస్కుంటూనే నిటారుగా ఉండటానికి కండరాలు వాడాల్సొస్తుంది. లేకపోతే అక్కడ కండలు కరిగిపోతాయి, ఎముకలు పల్చబడతాయి. తర్వాత 1990ల్లో అదే ఐడియాని సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడులో లోపం వల్ల కదలికల మీద పట్టు లేని పిల్లల ఫిజియోథెరపీకి తెచ్చారు, అడెలి సూట్ అని. అక్కడ ఏ తాడు ఎంత బిగించాలో థెరపిస్టు ఒక్కొక్కటీ చూసి పెడతాడు. ఆ మాట గుర్తు పెట్టుకోండి, ఒకే పట్టీ ఒక చోట మీకు పని పెడుతుంది, ఇంకో చోట మీ పని అది చేసిపెడుతుంది.

ఎలాగో చెప్తా. పట్టీ తొడ వెనక, నడుం నుంచి మోకాలి పైదాకా ఉందనుకోండి. మోకాలు పైకెత్తితే అది సాగుతుంది, కాబట్టి ఎత్తడం కష్టం, బానే ఉంది. అదే ప్యాంటుతో గుంజీలు తీశారనుకోండి, కూర్చునేటప్పుడు సాగుతుంది, లేచేటప్పుడు అదే మిమ్మల్ని స్ప్రింగు లాగా పైకి తోస్తుంది. గుంజీల్లో అసలు కష్టమంతా లేవడంలోనే కదా, దాంట్లో సగం రబ్బరు చేసేసింది! మోకాలి ముందు నుంచి పట్టీ వెళ్ళే లెగ్గింగ్స్ కూడా అంతే, మోకాలు మడిస్తే సాగి, చాపేటప్పుడు సాయం చేస్తాయి. నేను ఆరువేలు పోసి కొన్నది ఇదే, నెల రోజులు గుంజీలు సులువైపోయాయని నా బలం పెరిగిందనుకుని పొంగిపోయా. ఒక రోజు మామూలు ట్రాక్ ప్యాంటులో చేస్తే తెలిసింది సంగతి.

దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే. బట్ట వేస్కుని ఆ కదలిక సగం దాకా చేసి, అక్కడ కండ వదిలేయండి. ఒళ్ళు ఎటు లాక్కుపోతుందో చూడండి. ఆ లాగుడికి ఎదురు వెళ్ళే కండకే ఎక్సర్‌సైజ్, మిగతాదంతా సెలవు.

స్టెప్ 1: కొనేముందు షాపులో ఏం చూడాలి

చెన్నైలో స్పోర్ట్స్ సామాన్లంటే పెరియమేడు, నెహ్రూ స్టేడియం దగ్గర వరసగా షాపులుంటాయి, వెయిట్ వెస్టులు, ట్యూబులు అక్కడ చేత్తో పట్టుకుని చూడొచ్చు. రబ్బరు పట్టీలున్న లెగ్గింగ్స్ మాత్రం ఎక్కువగా ఆన్‌లైన్‌లోనే. ఆన్‌లైన్ అయితే వెనక్కి తీసుకుంటారో లేదో ముందే చూస్కోండి, లోపలి బట్టల లెక్కలో వేసి రిటర్న్ లేదనేవాళ్ళు ఉన్నారు, నాకు అలాగే అయింది.

ట్రయల్ రూంలోనో ఇంట్లోనో వేస్కున్నాక ముందు చూడాల్సింది జారుడు. ఈ బట్టల ప్రాణమంతా పట్టులో ఉంది. పై చివర నడుముకో భుజానికో కదలకుండా ఉండాలి, కింది చివర పాదానికో మోకాలి పైనో కదలకుండా ఉండాలి. మధ్యలో రబ్బరు ఎంత గట్టిదైనా, చివర జారిపోతే సాగేది ఏమీ ఉండదు, లెగ్గింగ్ పైకి పాకుతుంది అంతే. ట్యాగ్ మీద ఎన్ని పట్టీలు, ఎన్ని కేజీలు అని రాసినా దీన్ని చూడకుండా నమ్మొద్దు.

ఎలా చూడాలంటే, లెగ్గింగ్ అంచు ఎక్కడ ఆగిందో అక్కడ చర్మం మీద బాల్‌పెన్‌తో చిన్న గీత పెట్టండి, నడుం దగ్గర ఒకటి, చీలమండ దగ్గర ఒకటి. ఇరవై సార్లు మోకాళ్ళు ఎత్తండి, ఒక్కోటి నడుం ఎత్తు దాకా. మళ్ళీ చూడండి. గీతకీ అంచుకీ మధ్య వేలెడు కంటే ఎక్కువ ఖాళీ వస్తే ఆ సైజు మీకు కాదు, లేదా ఆ బట్టే ఎవరికీ కాదు. పాదం కింద నుంచి వెళ్ళే పట్టీ ఉన్నవి మేలు, గుర్రపు స్వారీ వాళ్ళ రికాబు లాగా ఉంటుంది చూడండి అది. షూ లోపల మొదట్లో చిరాగ్గా ఉంటుంది, అలవాటవుతుంది.

రెండోది, తూచి చూడండి. నవ్వకండి. సూట్‌కేసు తూచే వేలాడే డిజిటల్ తూకం అందరిళ్ళలోనూ ఉంటుంది, ఊరికి వెళ్ళొచ్చేటప్పుడు ఆవకాయ జాడీల లెక్క కోసం కొన్నది. లెగ్గింగ్ నడుం అంచుని తలుపు గడియకి తగిలించి, కింది అంచుకి ఈ తూకం కొక్కెం పెట్టి, మీ కాలు పూర్తిగా కదిలినప్పుడు ఎంత సాగుతుందో అంత సాగదీసి అంకె చూడండి. నేను కొన్నదానికి ఇరవై పౌండ్లని, అంటే దాదాపు తొమ్మిది కేజీలని రాసుంది, నా కదలికకి తూస్తే కేజీన్నర కూడా రాలేదు. అబద్ధం అనలేను, బహుశా అన్ని పట్టీలూ కలిపి పూర్తిగా సాగదీసి లెక్కేసుంటారు, కానీ మన కాలు అంత సాగదు కదా.

స్టెప్ 2: లేదా సొంతంగా చేయించుకోండి, నేను ఇదే చెప్తా

కావల్సినవి నాలుగే. మెడికల్, సర్జికల్ షాపులో దొరికే వెడల్పాటి నడుం బెల్టు, మోకాలి పైన కట్టుకునే వెల్క్రో పట్టీలు రెండు, బ్యాగులకి వేసే డీ ఆకారపు ఇనుప రింగులు ఎనిమిది, ఫిజియోథెరపీ వాళ్ళు వాడే థెరాబ్యాండ్ అనే సాగే రబ్బరు పట్టీ. నాకు బ్యాండుతో కలిపి కుట్టుకూలీ ఇచ్చినా ఆ ఆరువేలలో పావు వంతు కాలేదు.

థెరాబ్యాండ్‌లో రంగుని బట్టి బలం. ఉన్న పొడవుకి రెట్టింపు సాగదీస్తే పసుపు దాదాపు 1.3 కేజీలు లాగుతుంది, ఎరుపు 1.7, ఆకుపచ్చ 2.1, నీలం 2.6, నలుపు 3.3. ఇక్కడ చాలామంది తికమకపడేది ఏంటంటే బలం సాగిన సెంటీమీటర్లని బట్టి కాదు, మొదటి పొడవుకి ఎంత వంతు సాగిందో దాన్ని బట్టి. 20 సెంటీమీటర్ల ముక్క 40 అయినా, 40 ముక్క 80 అయినా లాగుడు ఒకటే. అంటే ముక్క పొట్టిగా కోస్తే అదే కదలికకి ఎక్కువ బరువన్నమాట, కొత్త రంగు కొనక్కర్లేదు.

నా కాలికి కొలిచింది చెప్తా. బెల్టు వెనక రింగు నుంచి మోకాలి పైన పట్టీ రింగు దాకా నిలబడితే 42 సెంటీమీటర్లు, మోకాలు నడుం ఎత్తుకి లేపితే పిర్ర చుట్టూ తిరిగి 56 అవుతుంది. ముక్క 42కే కోస్తే మూడో వంతు మాత్రమే సాగుతుంది, చాలా లైటు. 28కి కోస్తే నిలబడ్డప్పుడే కాస్త లాగుతుంది, పైకి లేపేసరికి సరిగ్గా రెట్టింపు, అంటే ఎర్ర బ్యాండుతో పైన 1.7 కేజీలు. మొదటి నెల నేను 36కి కోసుకుని మొదలెట్టా, తర్వాత తగ్గించుకుంటూ వచ్చా. ముడి వేయడానికి రెండు వైపులా ఆరేసి సెంటీమీటర్లు అదనంగా వదలండి, కొలత ముడి నుంచి ముడికి.

రింగులు నడుం బెల్టుకి ముందు రెండు, వెనక రెండు, మోకాలి పట్టీలకీ అలాగే ముందొకటి వెనకొకటి. వెనక తగిలిస్తే మోకాలు ఎత్తడానికి బరువు, ముందు తగిలిస్తే కాలు వెనక్కి తన్నడానికి బరువు, పిర్ర కండలకి.

ఇక కుట్టు. పాండీబజార్ వెనక సందులో ఒక దర్జీకి ఇచ్చా, మంచివాడే, కానీ పంజాబీ డ్రెస్సులు కుట్టే చెయ్యి. "అణ్ణా, గట్టిగా కుట్టు" అంటే గట్టిగానే కుట్టాడు, మామూలు నేరు కుట్టు, రెండు వరసలు. మర్నాడు పార్కులో మూడో రౌండులో టప్ మని శబ్దం, బెల్టులో సాగే బట్టకి వేసిన దారం మొత్తం తెగి పట్టీ ఎగిరి నా తొడకి కొట్టింది, ఎర్రగా వాత. నేరు కుట్టు సాగదు, బట్ట సాగితే దారమే తెగాలి. సాగే చోట జిగ్‌జాగ్ కుట్టు వెయ్యమనండి, రింగు పట్టుకునే నాడా మాత్రం సాగని గట్టి నాడా అయ్యుండాలి, దానికి నలుచదరం కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు లాగా కుట్టమనండి. స్కూల్ బ్యాగు భుజం పట్టీ అతికిన చోట చూడండి, అలాగే ఉంటుంది. ఆ మాట చెప్తే ఏ బ్యాగుల రిపేరు అతనికైనా అర్థమైపోతుంది, నిజానికి దర్జీ కంటే బ్యాగులు కుట్టేవాడి దగ్గరికే వెళ్ళండి.

రెండో తప్పు నాదే. రెండు కాళ్ళ పట్టీలూ బెల్టుని కిందకి లాగుతాయని ఆలోచించలేదు. రెండో రౌండుకి బెల్టు పిర్రల మీదకి జారింది, చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచా, మాస్టారు చూసి ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. తర్వాత భుజాల మీదుగా రెండు పట్టీలు వేయించా, పాతకాలం ప్యాంట్లకి సస్పెండర్స్ ఉంటాయే అలా. పెంగ్విన్ సూట్ భుజం నుంచి ఎందుకు మొదలవుతుందో ఆ రోజు అర్థమైంది.

లేటెక్స్ పడని వాళ్ళుంటారు, బ్యాండు తగిలిన చోట దద్దుర్లు వస్తే లేటెక్స్ లేని బ్యాండు అడగండి, దొరుకుతుంది.

స్టెప్ 3: మొదటి నాలుగు వారాలు

మొదటి రెండు మూడు రోజులు ఎక్సర్‌సైజే వద్దు. ఇంట్లో వేస్కుని ఇరవై నిమిషాలు మామూలు పనులు చేస్కోండి, కాఫీ పెట్టుకోండి, మెట్లు ఒకసారి దిగి ఎక్కండి. ఎక్కడ ఒరుసుకుంటోంది, ఎక్కడ తిమ్మిరి వస్తోంది, ఇవన్నీ ఇప్పుడే తెలియాలి. విప్పాక చర్మం మీద ముద్ర పది నిమిషాల్లో పోవాలి, అరగంటైనా పోకపోతే బిగుతు ఎక్కువ.

ఆ తర్వాత రోజు విడిచి రోజు, చదునైన నేల మీద పదిహేను నిమిషాల నడక. అంతే. మామూలుగా గంట నడిచేవాళ్ళు కూడా రబ్బరుతో పదిహేనే, తర్వాత విప్పేసి మిగతాది నడవండి. నేను మొదటి రోజే నలభై నిమిషాలు నడిచి రెండు రోజులు బాత్‌రూంలో కూర్చోలేక లేవలేక గోడ పట్టుకున్నా. ఆ వారమంతా అమృతాంజనమే దిక్కు, అది పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదే ఈ పార్కు, కాబట్టి నొప్పీ మందూ ఒకే చోట దొరికినట్టైంది. ఇలాంటి ఒళ్ళు నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు దాకా ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది, భయపడక్కర్లేదు.

రెండో వారం నుంచి నడకకి ఇవి కలపండి, ఒక్కోటి పదేసి సార్లు, రెండు విడతలు. వెనక బ్యాండు తగిలించి, గోడ పట్టుకుని ఒక్కో మోకాలూ నడుం ఎత్తుకి లేపడం. బ్యాండు ముందుకి మార్చి, కాలు నిటారుగా వెనక్కి తీయడం, ఒక జానెడు చాలు, నడుం వంచి ఎక్కువ తీస్తే అది నడుముకి తగుల్తుంది. రెండు తొడల చుట్టూ ఒక బ్యాండు ఉంగరంలా వేస్కుని మోకాళ్ళు కొంచెం వంచి పక్కకి అడుగులు, ఇటు పది అటు పది, పీత నడక లాగా ఉంటుంది, పిల్లలు నవ్వుతారు.

అన్నిటికంటే ముఖ్యం, వెనక్కి వచ్చేటప్పుడు మెల్లిగా రావాలి. లేపేటప్పుడు ఒకటి రెండు అని లెక్కపెట్టండి, దించేటప్పుడు ఒకటి నుంచి నాలుగు. సాగదీసినప్పుడు మీరు పెట్టిన శక్తిని రబ్బరు తిరిగి ఇచ్చేస్తుంది, కాలు వదిలేస్తే అదే లాక్కెళ్ళి కింద కొడుతుంది, సగం ఎక్సర్‌సైజ్ గాల్లో పోయినట్టే. పార్కులో చాలామంది టపటపా పాతిక సార్లు చేసేస్తారు, చూడ్డానికి జోరుగా ఉంటుంది, ఉపయోగం తక్కువ.

మూడో వారం, నాలుగో వారం ఏదో ఒక్కటే పెంచండి, టైమో బ్యాండు బిగుతో, రెండూ కాదు. ఎంత కష్టపడాలంటే పక్కనున్నవాళ్ళతో వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మాటకి మాటకి మధ్య ఊపిరి కోసం ఆగుతుంటే ఎక్కువైనట్టు. మెట్ల విషయం కూడా చెప్తా, వెనక బ్యాండుతో మెట్లెక్కితే కాలు పై మెట్టు మీదకి తేవడం కష్టమవుతుంది గానీ ఒంటిని పైకి తోయడం సులువవుతుంది, దిగేటప్పుడు బ్యాలెన్స్ కూడా తప్పొచ్చు, అందుకే నేను మెట్ల మీద విప్పేస్తా.

బరువు వెస్టే కావాలనేవాళ్ళకి

తప్పు లేదు, సింపుల్‌గా ఉంటుంది, మోసం తక్కువ, 5 కేజీలంటే 5 కేజీలే. మీ బరువులో 5 శాతంతో మొదలెట్టండి, 70 కేజీల మనిషికి 3.5 కేజీలు. నడకకి 10 శాతం దాటాల్సిన అవసరం నాకు కనపడలేదు. కొనేముందు ఇంట్లో ఉన్న బ్యాగులో లీటరు నీళ్ళ బాటిళ్ళు మూడు తువ్వాలులో చుట్టి పెట్టుకుని వారం రోజులు నడవండి, లీటరంటే కేజీ, నచ్చకపోతే నీళ్ళు తాగేయొచ్చు. వెస్టు ఒంటికి అతుక్కుని ఉండాలి, అడుగడుక్కీ ఎగిరి పడుతుంటే మెడ, భుజాలు పట్టేస్తాయి.

యాంకిల్ వెయిట్స్ కట్టుకుని నడవడం మాత్రం వద్దనే చెప్తా. పాదం దగ్గర పెట్టిన కేజీ, నడుం మీద మోసే ఐదు కేజీలంత అలసట తెస్తుందని లెక్క, అది బానే ఉంది అనిపిస్తుంది, కానీ లోలకం లాగా ఊగుతూ మోకాలినీ తుంటినీ ప్రతి అడుగుకీ గుంజుతుంది, నడక తీరే మారిపోతుంది. పక్కకి పడుకుని కాలు పైకెత్తే ఎక్సర్‌సైజులకి వాడుకోండి, వాటికి బాగుంటాయి.

వెస్టు వేస్కుంటే ఎముకలు గట్టిపడతాయని మా పక్క ఫ్లాట్ పిన్నిగారు ఎక్కడో విని ఒకటి తెప్పించమన్నారు. బరువు తగ్గే పనిలో ఉన్న పెద్ద వయసువాళ్ళ మీద అమెరికాలో ఏడాదిపాటు చేసిన పరీక్ష ఫలితం 2025లో వచ్చింది, వెస్టు వేసుకున్నా తుంటి ఎముక సాంద్రత తగ్గడం ఆగలేదు. ఆ సంగతి చెప్పి, "పిన్నీ, ముందు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం మొదలెట్టండి, వెస్టు సంగతి తర్వాత" అన్నా. లేస్తున్నారు, రోజుకి ముప్పై సార్లు.

చెన్నై ఎండ, ఉక్క: ఇదే అసలు బరువు

బెంగళూరులో ఉండే మా బావమరిది ఇదే హార్నెస్ వేస్కుని ఎనిమిదింటికి కూడా నడుస్తాడు. ఇక్కడ ఆ వేషాలు కుదరవు. మన ఒళ్ళు చల్లబడేది చెమట కారినందుకు కాదు, ఆరినందుకు. సముద్రపు ఊళ్ళో గాలిలోనే తేమ నిండిపోయి ఉంటుంది, చెమట ఆరదు, కారుతుందంతే, పైగా నడుం చుట్టూ బెల్టు, తొడలకి పట్టీలు, గాలి తగిలే చోటే లేదు.

అందుకే మార్చి నుంచి ఎండలు పోయేదాకా తెల్లారకముందే, లేదంటే ఇంట్లో ఫ్యాను కింద. మేలో అగ్ని నక్షత్రం, అంటే ఎండలు మరీ మండిపోయే రోజుల్లో నేను హార్నెస్ మేకుకి తగిలించేస్తా, ఎవరేమన్నా సరే. కొత్త ఊరి నుంచి వచ్చినవాళ్ళు, ఏసీ ఆఫీసులో రోజంతా కూర్చునేవాళ్ళు వేడికి అలవాటు పడటానికి రెండు వారాలు పడుతుంది, ఆ రెండు వారాలూ రబ్బరు లేకుండా నడవండి.

ఎంత నీళ్ళు పోయాయో తెలుసుకోవడానికి బరువు చూసే మిషన్ ఉంటే చాలు. నడకకి ముందొకసారి, వచ్చి చెమట తుడుచుకుని ఒకసారి, తక్కువ బట్టలతో ఎక్కండి. కేజీ తగ్గితే లీటరు నీళ్ళు పోయినట్టు. నాకు ఏప్రిల్‌లో నలభై నిమిషాలకి 900 గ్రాములు తగ్గింది, అమ్మో అనిపించింది. పోయినంతా ఒక్కసారి గటగటా తాగొద్దు, గంటా రెండు గంటల్లో తాగండి. మంచి మందు ఉప్పేసిన పల్చటి మజ్జిగే, ఇక్కడ నీర్ మోర్ అంటారు, అల్లం కరివేపాకు వేసి. మరీ నీరసంగా ఉంటే ఓఆర్ఎస్, ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్ళలో, సగం గ్లాసులో కలుపుకుని చిక్కగా తాగకూడదు.

తల తిరిగినా, వికారం వచ్చినా, చలి వేసినట్టు ఒళ్ళు జలదరించినా అక్కడికక్కడే హార్నెస్ విప్పి నీడకి వెళ్ళండి. మాట తడబడుతుంటే, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ, నీళ్ళు పోసి గాలి విసురుతూ 108కి ఫోన్ చెయ్యాలి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టే టైం కాదు.

ఎవరు వేసుకోకూడదు, ఎప్పుడు ఆపాలి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, గర్భిణులు, మోకాలో నడుమో ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వద్దు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు మరీ జాగ్రత్త, పట్టీ ఒరుసుకుని పుండు పడినా తెలీదు. మాస్టారికి స్టెంట్ ఉంది, సరదా పడి "నాకూ ఒకటి కుట్టించు" అన్నారు, "మీ కార్డియాలజిస్ట్ సరేనంటే నేనే కుట్టిస్తా మాస్టారూ" అన్నా. అడిగారట, ఒట్టి నడక చాలన్నారట, ఇప్పుడు నా రౌండ్లు లెక్కపెట్టే పని ఆయనదే.

కండ మొత్తం నొప్పిగా ఉండటం మామూలే. కీలులో ఒక్క చోట సూది గుచ్చినట్టు ఉంటే ఆపండి. కాలు తిమ్మిరెక్కి విప్పినా పోకపోయినా ఆపండి. మరీ ఎక్కువ చేసేసిన మర్నాడు కండలు వాచి మూత్రం డికాషన్ రంగులో వస్తే అది కండ దెబ్బతిని కిడ్నీలకి ఎక్కుతున్న గుర్తు, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి, రేపు చూద్దాం అనుకోవద్దు.

ఉతకడం, దాచడం, పారేయడం

చెమటలో ఉప్పు, ఎండ, వేడి, ఈ మూడే రబ్బరుకి శత్రువులు. వచ్చిన వెంటనే బ్యాండ్లు విప్పి ఒట్టి నీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి. మేడ మీద ఎండలో ఆరేస్తే రెండు నెలల్లో జిగురు జిగురుగా అయిపోయి నెర్రెలిస్తుంది, నాకు ఒక నీలం బ్యాండు అలాగే పోయింది. ఆరాక కొంచెం టాల్కం పౌడర్ చల్లితే ఒకదానికొకటి అతుక్కోవు. లెగ్గింగ్స్ అయితే చల్లటి నీళ్ళు, కొంచెం సబ్బు, ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు, వాషింగ్ మిషన్ డ్రయ్యర్ వద్దు, పిండి మెలితిప్పొద్దు.

వేసుకునే ముందు రోజూ బ్యాండుని వెలుతురుకి పెట్టి సాగదీసి ఒకసారి చూడండి, చిన్న గాటు, తెల్ల మచ్చ, అంచున చీలిక ఏది కనపడ్డా ఆ ముక్క తీసేయండి. తెగితే మొహానికే కొట్టొచ్చు. నెలకొకసారి నేను ఆ సూట్‌కేసు తూకం తీసి గడియకి తగిలించి 28 ముక్కని 56 దాకా లాగి చూస్తా. ఎర్రది కొత్తలో 1.7 చూపించింది, పోయిన ఆదివారం 1.3 చూపించింది, అంటే పసుపు బ్యాండైపోయింది. కోసి పెరట్లో సొరపాదు పందిరికి కట్టేశా.